జుల్మీరక్క వెతికిన రెండో మజిలీ

మా కపేలా ఆల్తా ఊరి బళ్ళో జుల్మీరక్క ఇరవై ఆరేళ్ళు వంట చేసింది. అదే బళ్ళో నేను పాఠాలు చెప్పేదాన్ని. పిల్లలు నా గంట వినకపోయినా ఆవిడ గరిటె చప్పుడికి మాత్రం వరసలో నిలబడేవాళ్ళు. పొట్టి మనిషి, మగవాళ్ళకుండే భుజాలు, ఎడమ తుంటి కొంచెం పట్టేసి నడకలో ఓ కుంటు. మాట తక్కువ. మాట్లాడితే మాత్రం ఎదుటివాడు రెండో మాట వెతుక్కోవాల్సిందే.

మా ఎత్తుభూముల్లో ప్రతి మే నెలలో, మాకు చలి మొదలయ్యే కాలంలో, ఊరి గుర్రాల సంఘం నాలుగు రోజుల సవారీ తీస్తుంది. అరౌకారియా చెట్ల అడవుల గుండా, పచ్చికబయళ్ళ మీదుగా, పీఠభూమి తెగిపోయి లోయలోకి పడిపోయే అంచు దాకా. మొట్టమొదటిసారి తీసినప్పుడు సంఘం పెద్ద వల్మోర్ వంట కోసం జుల్మీరక్కని అడగడానికి వెళ్ళాడట. ఎంతమంది వస్తారు, ఎన్ని కిలోల ఎండుమాంసం, ఎన్ని కిలోల బియ్యం, అన్నీ చెప్పాడట. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే.

"బాగానే ఉంది. గుర్రాలు ఎక్కడ పడుకుంటాయి?"

మనుషుల పడక గురించి, పాట గురించి, పాటగాడి పడక గురించి కూడా ఆలోచించారు గానీ గుర్రాల సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ రోజు నుంచీ మజిలీలు ఎంచే పని జుల్మీరక్కది. వంట కూడా ఆవిడదే, అది వేరే.

ఆవిడ చెబుతుంటే నేను నోట్‌బుక్‌లో రాసేదాన్ని. తన అక్షరాలు కోళ్ళు తొక్కిన బురదలా ఉంటాయని ఆవిడే అనేది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నీళ్ళు పారుతుండాలి, నిలవ ఉండకూడదు. గట్టు గట్టిగా ఉండాలి, లేకపోతే ఇరవయ్యో గుర్రం దిగేసరికి అది బురదగుంట. పల్లంలో దిగొద్దు, మంచు అక్కడే పేరుకుంటుంది, గుట్ట నెత్తిమీదా వద్దు, గాలి కొట్టేస్తుంది, నడిమధ్యన దిగాలి. అరౌకారియా చెట్టు కింద ఒక్క గుర్రాన్నీ కట్టొద్దు, ఆ కాలంలో మనిషి తలంత కాయలు పైనుంచి రాలతాయి. తాడు రెండు చెట్ల మధ్య గుర్రం తలెత్తు దాటి కట్టాలి. మగ గుర్రాలు ఓ చివర, ఆడ గుర్రాలు ఇంకో చివర, మధ్యలో వంటపొయ్యి.

"పొయ్యి ఎందుకు మధ్యలో?" అని అడిగాను ఒకసారి.

"ఆ రెండిటి మధ్యా నేనుంటాను కాబట్టి," అంది.

అన్నీ చూసుకునేది గానీ తను మాత్రం గుర్రం ఎక్కేది కాదు. గిన్నెలతో పాటు లారీలో ముందుగా వెళ్ళిపోయేది. తుంటి నొప్పి అనుకున్నాం అందరం. ఆవిడా కాదనలేదు.

పదిహేనో సవారీ తీయాల్సిన సంవత్సరం ఏప్రిల్ చివర్లో కబురొచ్చింది. రెండో రోజు మేం దిగే పచ్చికబయలుని దాని సొంతదారు పైన్ చెట్లు పెంచే కంపెనీ ఒకదానికి అమ్మేశాడు. కంచె వేసేశారు, మొక్కలు కూడా నాటేశారు. సవారీకి ఇంకా మూడు వారాలు. అప్పటికి నలభై మూడు గుర్రాలు పేరిచ్చాయి. అందులో పదకొండు సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి లారీల్లో వచ్చేవి.

సంఘం షెడ్డులో అందరూ చేరారు. మాతె అనే చేదాకు కషాయం నింపిన సొరబుర్ర చేతులు మారుతోంది. వల్మోర్ లేచి గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో దాణా, పురుగుమందులు అమ్మే కొట్టు అతనిది. మంచివాడే, కాకపోతే తను నిలబడితే ఫోటో ఎలా వస్తుందా అన్న ధ్యాస ఒకటుంది.

"పోయింది పోనివ్వండి. ఈసారి రెండో రాత్రే కొండ అంచున దిగుదాం. పొద్దున్నే లేస్తే కాళ్ళ కింద మేఘాలు! ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళు జన్మలో మర్చిపోరు."

"మర్చిపోరు," అంది జుల్మీరక్క మూలనుంచి. "అక్కడ నీళ్ళేవి?"

"డ్రమ్ముల్లో తెప్పిద్దాం."

"నలభై మూడు గుర్రాలకి? నువ్వు పోస్తావా బిందెతో? గాలి సంగతేంటి? చెట్టే లేదంటారుగా, తాడు దేనికి కడతావ్, మేఘాలకా?"

అందరూ నవ్వారు. వల్మోర్ చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నిటికీ అడ్డుపుల్ల వేస్తే ఎలాగక్కా? అంత తెలిస్తే నువ్వే వెతికిపెట్టు మరి."

"వెతుకుతాను."

"ఆ అడవిలోకి లారీ పోదు. గుర్రం మీదే వెళ్ళాలి."

జుల్మీరక్క సొరబుర్రలో మిగిలిన మాతెని చప్పుడొచ్చేదాకా పీల్చి పక్కవాడికిచ్చింది.

"గుర్రం మీదే వెళ్తాను," అంది. "టీచరమ్మా, మీ ఆయన ముసలి గుర్రం ఉందిగా, అది ఖాళీయేనా?"

శనివారం పొద్దున మా పెరట్లో ఆవిడ పొంబా పక్కన నిలబడ్డ తీరు నేను మర్చిపోలేను. పొంబా అంటే పావురం. ఇరవై రెండేళ్ళ బూడిదరంగు గుర్రం, పేరుకు తగ్గ సాధువు. ఎక్కడానికి బల్ల తెస్తానన్నాను. వద్దంది. దాని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరికే ఉంది. తర్వాత పట్టేసిన కాలు చేత్తో ఎత్తి రికాబులో పెట్టుకుని, "ఓరి దేవుడా, ముసలిదాన్నయిపోయాను," అని గొణుక్కుంటూ ఒక్క ఊపులో పైన ఉంది. వీపు నిటారుగా, కళ్ళెం రెండు వేళ్ళ మధ్య వదులుగా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గుర్రం మీదున్న మనిషి కూర్చునే తీరు అది. నేనే పక్కన ఇంకో గుర్రం మీద గోనెసంచిలా ఉన్నాను.

"అక్కా, ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మా నాన్నది గుర్రాలు తోలేవాళ్ళ మజిలీ ఇల్లు. నడకకన్నా ముందు ఇదే వచ్చింది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకెక్కలేదు?"

"దారి చూసి నడుపు టీచరమ్మా, నీ గుర్రం ఫెర్న్ తింటోంది."

ఆ పొద్దుట రెండు చోట్లు చూశాం. మొదటిది ఎంతో బాగుందనిపించింది నాకు. ఆవిడ దిగి కర్రతో నేలలో పొడిస్తే మోచెయ్యంత లోతు దిగింది. కింద అంతా చిత్తడి. రెండోచోట నీళ్ళున్నాయి, గట్టు ఉంది, కానీ పైన అరౌకారియా గుంపు గొడుగుల్లా కమ్ముకుని ఉంది. మేం చూస్తుండగానే ఓ కాయ దభీమని పడి పగిలి, గింజలు చెల్లాచెదురయ్యాయి. ఆవిడ ఆ గింజలు ఏరి పావడా చెరగులో పోసుకుని, "మధ్యాహ్నం కాల్చుకుందాం. మజిలీకి మాత్రం పనికిరాదు," అంది.

ఏరిన ఎండు ఆకుల మంటలో ఆ గింజలు కాల్చుకు తిని, వాగు వెంట పైకి వెళ్ళాం. ఓ మలుపు తిరగ్గానే అడవి విడిపోయి వాలు కనబడింది. గడ్డి నిండుగా ఉంది. కింద రాతి మీద పారే నీళ్ళు. దక్షిణపు గాలికి అడ్డంగా పొదల గోడ. తాళ్ళు కట్టడానికి వరసగా ఇంబూయా చెట్లు, కాయలు రాల్చనివి. నేను నోట్‌బుక్ తీసి, "ఇంతకన్నా ఏం కావాలక్కా!" అన్నాను.

తిరిగి చూస్తే ఆవిడ గుర్రం దిగి ఓ బండ మీద కూర్చుని ఉంది. మొహంలో రక్తం లేదు.

"ఇది లౌరిందో అర్రూదా పొలం," అంది. "ఆ పొగ కనిపిస్తోందే, అది ఆయన ఇల్లు."

"అయితే వెళ్ళి అడుగుదాం."

"కూర్చో టీచరమ్మా. ముందు ఒకటి విను."

ఆవిడకి పందొమ్మిదేళ్ళప్పటి సంగతి. లౌరిందో అప్పుడు నడివయసువాడు. ఉన్న ఆవుల్ని అమ్మి, కింద లోయ ఊళ్ళలో ఎనిమిది గుర్రాలు కొన్నాడు. వాటిని ఇక్కడ తర్ఫీదు చేసి అమ్ముతూ బతకాలని. మూడు రోజులు తోలుకొచ్చి ఓ సాయంత్రానికి జుల్మీరక్క వాళ్ళ మజిలీ ఇంటికి చేరాడు. ఆయనకి జ్వరం. ఆవిడ తండ్రి ఊళ్ళో లేడు. "కింది దొడ్డిలో కట్టేసి ఎండుగడ్డి వెయ్యమ్మా," అని చెప్పి చావడిలో పడిపోయాడు. కింది దొడ్డి వానకి మోకాలి లోతు బురద. గుర్రాలు డొక్కలు ఎండి, తలలు వేలాడేసి నిలబడ్డాయి. వాటిని చూసి ఆ పిల్లకి జాలేసింది. పైచేలో గడ్డి బాగుంది కదా అని గేటు తీసి వదిలింది.

పైచేలో మియో-మియో ఉంది. చీపురులాగా సన్నగా లేచే చిన్న పొద, మే నెలలో పూస్తుంది. అప్పుడే విషం ఎక్కువ. ఇక్కడ పుట్టిన పశువు దాన్ని ముట్టదు. పరాయిచోటు నుంచి ఆకలితో వచ్చింది మాత్రం తెలియక తింటుంది. అందుకే మావాళ్ళు కొత్త పశువు రాగానే ఆ ఆకు నలిపి దాని మూతికీ చిగుళ్ళకీ రుద్దుతారు. ఆ చేదు ఒకసారి తగిలితే ఇక జన్మలో దాని జోలికి పోదు.

"నాకు తెలుసు టీచరమ్మా. చిన్నప్పటినుంచీ తెలుసు. చెయ్యాలని గుర్తురాలేదు, అంతే. మర్నాడు మధ్యాహ్నానికి మొదటిది పడిపోయింది. చీకటి పడేసరికి ఒక్కటీ లేదు. ఆయన జ్వరంతోనే ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ దాని దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తర్వాత పదేళ్ళు రంపపు మిల్లులో కూలి చేశాడు. మా నాన్న మజిలీ మూసేశాడు. నేను మళ్ళీ గుర్రం ఎక్కలేదు."

నేను నోట్‌బుక్ మూసేశాను. "ఇంకో చోటు చూద్దాంలే అక్కా," అన్నాను.

ఆవిడ లేచి పావడా దులుపుకుంది. వాలు వైపు, నీళ్ళ వైపు, చెట్ల వైపు చూసింది.

"ఇంకో చోటు లేదు. గుర్రాలకి నా సిగ్గుతో పనేముంది? పద."

లౌరిందో ఇంటి దగ్గర ఆయన కోడలు నిల్వా ఎదురొచ్చింది. వంటింట్లోకి తీసుకెళ్ళింది. కట్టెల పొయ్యి పక్కన ఎనభై ఆరేళ్ళ లౌరిందో ఉన్ని దుప్పటిలాంటి పోంచో కప్పుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి ఎండిపోయాడు గానీ కళ్ళు మాత్రం మేకుల్లా ఉన్నాయి. ఆయన జుల్మీరక్కని చూశాడు. గుర్తుపట్టాడని నాకు తెలిసింది, ఎందుకంటే కెటిల్ ఎత్తబోయిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

మాతె నింపి నాకిచ్చాడు. నేను తాగి తిరిగిచ్చాను. మళ్ళీ నింపి కోడలికిచ్చాడు. తర్వాత తను తాగాడు. మళ్ళీ నాకు. జుల్మీరక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. మా దగ్గర ఇంటికొచ్చినవాళ్ళకి బుర్ర అందించకపోవడం చెంపదెబ్బకన్నా ఎక్కువ.

ఆవిడే మొదలుపెట్టింది. "పెద్దయ్యా, మే పద్దెనిమిదిన సవారీ వస్తోంది. నలభై మూడు గుర్రాలు. ఒక్క రాత్రి మీ వాగు వాలు కావాలి."

"ఎవరు చూసుకుంటారు గుర్రాల్ని?"

"నేను."

ఆయన నవ్వలేదు. పొయ్యిలో కట్టె ఒకటి ముందుకు తోశాడు.

"వాటి పేర్లు గుర్తున్నాయా నీకు?"

నాకు అర్థం కాలేదు. ఆవిడకి అయింది.

"ఫైస్కా," అంది. "సెరేనో. పితంగా. కొరిస్కో. లువా. జసింతో. తొస్తావ్. మొరేనా." పిల్లల హాజరు పిలిచినట్టు చెప్పింది. "ఎనిమిది."

"తొమ్మిది."

"ఎనిమిదే పెద్దయ్యా. రోజూ అనుకుంటాను నేను."

"మొరేనా కడుపుతో ఉంది. నీకు తెలీదు. తెలిసే దారి లేదు, ఇంకా బయటపడలేదు. తొమ్మిది."

జుల్మీరక్క చేత్తో నోరు నొక్కుకుంది. నిల్వా కిటికీ వైపు తిరిగింది.

"నా పైచేలోనూ ఉంది ఆ మొక్క," అన్నాడు ముసలాయన. "పీకిన కొద్దీ వస్తుంది. వాలుకీ చేనుకీ మధ్య కంచె పాతది. గుర్రం తలుచుకుంటే ఆగదు. అందుకని విను. ఇక్కడివైనా, పై ఊళ్ళవైనా, ప్రతి గుర్రం మూతికీ ఆకు రుద్దాకే నా గేటు దాటాలి. నీ చేత్తోనే రుద్దాలి. నేను గేటు దగ్గర కూర్చుని లెక్కపెడతాను. ఒక్కటి తప్పినా అందర్నీ వెనక్కి పంపుతాను."

"అలాగే."

"వాన వచ్చినా."

"అలాగే పెద్దయ్యా."

మేం లేస్తుంటే నిల్వా బుర్ర నింపి జుల్మీరక్క చేతిలో పెట్టింది. ముసలాయన చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఆవిడ నిలబడే తాగింది, అడుగంటా.

సవారీ రోజులు వచ్చాయి. మొదటి మజిలీ సాఫీగా గడిచింది. రెండోరోజు మధ్యాహ్నం నుంచి సన్నటి జల్లు. జుల్మీరక్క ఈసారి లారీలో వెళ్ళలేదు. గిన్నెల పని ఇద్దరు ఆడవాళ్ళకి అప్పజెప్పి, పొంబా మీద ముందుగా వచ్చేసింది. లౌరిందో పైచేలో మియో-మియో కోసి రెండు బస్తాలు గేటు దగ్గర పెట్టుకుంది. లౌరిందో స్టూలు వేసుకుని కూర్చున్నాడు, మోకాళ్ళ మీద గొడుగు. ఆ గొడుగు తెరవలేదు.

గుర్రాలు వరస కట్టాయి. ఆవిడ ఆకు నలపడం, పెదవి ఎత్తి చిగుళ్ళకి రుద్దడం, గుర్రం తల విదిలించి పళ్ళు ఇకిలించడం, ముసలాయన "ఏడు", "ఎనిమిది" అనడం. ఎనిమిది తర్వాత ఆయన కొంచెం ఆగి "తొమ్మిది" అన్నాడు. ఆవిడ తల ఎత్తలేదు. చేతులు ఆకుపచ్చగా అయిపోయాయి.

ముప్పైయొకటోది వల్మోర్ గుర్రం. వేలంలో కొన్న మగ గుర్రం, జాతి కాగితాలున్నది, ఒళ్ళు అద్దంలా మెరుస్తుంది.

"దీనికి అక్కర్లేదక్కా. ఇది రాత్రంతా కట్టేసి ఉంటుంది, సంచిలో దాణా తింటుంది."

"రుద్దాలి," అంది ఆవిడ.

"దీని ఖరీదెంతో తెలుసా? ఏదైనా అయితే? ఇది నోట్లో ఏది పడితే అది పెట్టుకునే గుర్రం కాదు."

"గుర్రాల్లో అలాంటిది నేనింతవరకు చూళ్ళేదు," అంది జుల్మీరక్క. "మనుషుల్లోనూ చూళ్ళేదు."

వెనక వరసలో నవ్వులు. వల్మోర్ దిగలేదు. "పెద్దయ్యా, మీరైనా చెప్పండి. సంఘం పెద్దని నేను. నా మాట మీద..."

లౌరిందో స్టూలు మీంచి లేచాడు. గేటు పట్టుకుని, మెల్లగా, పూర్తిగా మూసేశాడు.

"వెనక్కి పన్నెండు కిలోమీటర్లు," అన్నాడు. "చీకటి పడకముందే బయల్దేరు నాయనా."

జల్లు పడుతూనే ఉంది. వల్మోర్ టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక పన్నెండు గుర్రాలు గిట్టలు తాటిస్తున్నాయి. ఎవరో అరిచారు: "వల్మోర్, మేం తడిసిపోతున్నాం రా! నీకూ రుద్దించుకో, పనయిపోతుంది!" ఇంకెవరో అతని పెద్ద కూతుర్ని పిలిచి, "అమ్మాయ్, మీ నాన్నకి చెప్పు!" అన్నారు. ఆ అమ్మాయి తన గుర్రం మీంచి, "నాన్నా, దిగు," అంది. అంతే.

అతను దిగాడు. తనే గుర్రం తల పట్టుకున్నాడు. ఆవిడ ఆ పెదవి ఎత్తి, మిగతా వాటికి ఎలా రుద్దిందో అలాగే రుద్దింది, ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆ కాగితాల గుర్రం మూతి వంకర తిప్పి, తల విదిలించి, ఆకుపచ్చ నురగంతా వల్మోర్ తెల్ల చొక్కా మీద చిమ్మింది.

"ముప్పైయొకటి," అన్నాడు లౌరిందో.

ఆ సాయంత్రం వాన తెరిపిచ్చింది. ఇంబూయా చెట్లకి తాళ్ళు బిగిశాయి. మధ్యలో పొయ్యి వెలిగింది. పెద్ద ఇనపగుండిగలో ఎండుమాంసం, ఉల్లి, బియ్యం ఉడుకుతుంటే ఆ వాసనకి ముసలాయన కోడలి భుజం పట్టుకుని దిగివచ్చాడు. నలభై ఏళ్ళుగా ఏ మజిలీ దగ్గరకీ పోలేదని నిల్వా నా చెవిలో చెప్పింది. జుల్మీరక్క పళ్ళెం అందించింది. రెండు ముద్దలు తిన్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"మీకు బీపీ ఉందని నిల్వా చెప్పింది."

"నిల్వాకి నోరెక్కువ," అని పళ్ళెం ఖాళీ చేశాడు.

తెల్లారేసరికి మంచు పడింది. గడ్డి తెల్లగా, గట్టిగా ఉంది. నేను గుడారం బయటికి వచ్చేసరికి సూర్యుడు అప్పుడే గుట్ట దాటుతున్నాడు. వాలు చివర ఎండ తగిలే చోట ఒక గుర్రం పక్కకి పడి ఉంది. నాలుగు కాళ్ళూ బారజాపి, మెడ నేలకి ఆనించి, కదలకుండా. వల్మోర్ గుర్రమే. తాడు తెంపుకుంది.

నాకన్నా ముందు జుల్మీరక్క చూసింది. కాఫీ కెటిల్ చేతిలోంచి జారిపోయింది. ఆ కుంటికాలితో, పావడా ఎత్తిపట్టుకుని, మంచు మీద జారుతూ పరిగెత్తింది. ఆ మనిషి పరిగెత్తడం నేను ముందెప్పుడూ చూడలేదు. నోటివెంట ఏదో వస్తోంది, మాట కాదు. నేను వెనకే పరిగెత్తాను.

ఆవిడ దాని తల దగ్గర మోకాళ్ళ మీద కూలబడింది. చెయ్యి దాని ముక్కు దగ్గర పెట్టింది.

గుర్రం ఒక కన్ను తెరిచింది. చెవి ఆడించింది. తల ఎత్తి ఆవిడ మొహంలో మొహం పెట్టి పళ్ళన్నీ కనబడేలా ఆవలించి, మళ్ళీ ఎండలో పడుకుంది. రాత్రంతా నిలబడ్డ గుర్రం, పొద్దుటి ఎండ దొరికితే అలా బారజాపుకుని నిద్రపోతుంది. అందరికీ తెలిసిందే. ఆవిడకి అందరికన్నా బాగా తెలుసు.

జుల్మీరక్క అలాగే మంచులో కూర్చుండిపోయింది. భుజాలు అదురుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను. దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాను, ఎందుకంటే కంచె అవతల ఇంకో మనిషి ఉన్నాడు. లౌరిందో. పోంచో లేదు, టోపీ లేదు, కర్ర కూడా లేదు. ఒక కాలికే చెప్పుంది. గుంజ పట్టుకుని రొప్పుతున్నాడు. ఇంటి నుంచి అక్కడికి రెండొందల గజాలుంటుంది.

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు.

ఆవిడ తలెత్తింది. "నా వల్లే పెద్దయ్యా. అప్పుడు."

"నీ వల్లే," అన్నాడు ఆయన. ఊపిరి తీసుకున్నాడు. "పందొమ్మిదేళ్ళు నీకు. ఆకలిగా ఉన్నాయని వదిలావు. అదీ నిజమే. రెండూ కలిపి మోయలేక మొదటిదొక్కటే మోశాను ఇన్నాళ్ళూ. లే, చలికి ఆ తుంటి ఇంకా బిగుస్తుంది."

ఆవిడ లేచి, కంచె దూరి, తన శాలువా తీసి ఆయనకి కప్పింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఇంటివైపు నడిచారు, ఇద్దరూ కుంటుతూనే. కాసేపటికి ఆవిడ తిరిగొచ్చి, కెటిల్ పడేసినందుకు తనని తనే తిట్టుకుని కొత్త కాఫీ పెట్టింది. వల్మోర్ అప్పటికి లేచి తన గుర్రం ఒళ్ళంతా తడుముకుంటున్నాడు. "ఏమైందక్కా దీనికి?" అని అడిగితే, "ఏమీ కాలేదు. యజమానిలాగే పొద్దెక్కేదాకా పడుకుంది," అంది.

నాలుగోరోజు మధ్యాహ్నం కొండ అంచుకి చేరాం. అరవై కిలోమీటర్ల దూరంలో పుట్టి కూడా ఆవిడ ఆ అంచు ఎప్పుడూ చూడలేదు. అంతకుముందు పధ్నాలుగు సవారీల్లోనూ లారీ పోయే చోట ఆగిపోయి పొయ్యి వెలిగించేది. పొంబాని అంచుకి పది అడుగుల ఇవతలే ఆపింది. కింద మేఘాలు లేవు. లోయ అంతా స్పష్టంగా, దూరాన సముద్రం ఒక గీతలా. "అక్కడినుంచే తెచ్చాడు పెద్దయ్య ఆ గుర్రాల్ని," అంది. ఆ తర్వాత, "ఎంత ఎక్కించాడో పాపం," అంది.

లౌరిందో ఇంకో రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళూ సవారీ వచ్చినప్పుడు గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆదివారాలు జుల్మీరక్క వెళ్ళేది. ఏం మాట్లాడుకునేవాళ్ళో నిల్వాని అడిగితే, "ఏముంది, వంటకి వంకలు పెట్టుకునేవాళ్ళు," అంది. ఆయన పోయాక కూడా ఆ వాలు మాకే ఇస్తోంది నిల్వా. పోయిన ఏడాది బడి పని మానేశాక జుల్మీరక్క ఎర్ర గుర్రం ఒకటి కొనుక్కుంది. తుంటికి మంచిదని డాక్టరు చెప్పాడని అంటుంది. ఏ డాక్టరూ అలా చెప్పి ఉండడు. ఇప్పుడు మజిలీలు చూడటానికి వెళ్ళేటప్పుడు సంఘంలో కొత్తగా చేరిన నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకెళ్తోంది. వాళ్ళ చేత నేల పొడిపిస్తుంది, నీళ్ళు తాగిస్తుంది, ఆకు వాసన చూపిస్తుంది. నోట్‌బుక్ మాత్రం ఇంకా నేనే రాస్తున్నాను. ఈ ఏడాది మూడో మజిలీ దగ్గర వాగు సన్నబడింది. వచ్చే శనివారం ఎగువకి వెళ్ళి చూడాలి.